కొయ్యవద్దని చెప్పడానికి వెళ్లిన రోజు

రోగి మొహం చూడకుండా డాక్టరు పని చేసుకోవచ్చని ఆశపడి రక్తపరీక్షల విభాగంలోకి వచ్చేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. నేనూ అలాగే వచ్చాను. బంధువుల ఏడుపులు, వార్డు కేకలు, చావు కబుర్లు చెప్పడాలు ఇవేవీ లేకుండా గాజుగొట్టాల ముందు కూర్చుని నా మానాన నేను పని చేసుకుపోవచ్చనుకున్నాను. కలకత్తాలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేసి దిగిపోయాక చెబుతున్నాను: అలా కుదరదు. కుదిరిందంటే ఆ పని సరిగ్గా చేయడం లేదని అర్థం.

ఇది రాయమన్నది మా మేనకోడలు. ఈ మధ్యే ఇలాంటి ల్యాబ్‌లో చేరింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకని ఇంగ్లీషులో రాయమంది. ఇందులో వచ్చే నూకాలమ్మ అనే రోగి మాటల్ని ఇంగ్లీషులో పెట్టడం నాకు చేతకాదు. కనుక కూడబలుక్కోవడం దాని వంతు.

మా నాన్న కలకత్తా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. నేను పుట్టింది, పెరిగింది ఆ క్వార్టర్లలోనే. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి, సచివాలయం ఉండే రైటర్స్ బిల్డింగ్ చుట్టూ తిరిగిన ఫైళ్ల గురించి ఇక్కడ ఏమీ రాయను. అవి ఎవరికీ ఏమీ నేర్పవు.

సన్యాల్ సార్

నేను చేరేనాటికి మా ల్యాబ్ పెద్ద సన్యాల్ సార్. పొట్టి మనిషి. ధోవతి మీద తెల్లకోటు తొడుక్కునేవారు. కోపమొస్తే గాజుగొట్టాల స్టాండు ఎత్తి బల్ల మీద పడేసేవారు. టెక్నీషియన్లను పదిమంది ముందు తిట్టేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న చాలామంది ఇప్పటికీ ఆయన కోపం మన మంచికేనని అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. తిట్లు తిన్నవాడు తప్పు దాచడం నేర్చుకుంటాడు. ల్యాబ్‌లో దాగిన తప్పు వార్డులో మనిషిని చంపుతుంది. నా కింద పనిచేసినవాళ్లను నేను గొంతెత్తి ఒక మాట అనకపోవడానికి కారణం ఇదే. మంచితనం కాదు.

కానీ నాకు ఒక విద్య మాత్రం ఆయనే పెట్టారు. నాకు కుదురు లేదు. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్షలకు అప్పట్లో యంత్రాలు లేవు. రక్తంలోంచి విడదీసిన పసుపుపచ్చటి ద్రవాన్ని, అంటే ప్లాస్మాను, సన్నటి గొట్టంలో పోసి, ఒంటి వేడికి సరిపడా కాచిన నీళ్లతొట్టిలో పెట్టి, మందు కలిపి, పైకి తీసి వంచి చూడాలి. కన్ను, చెయ్యి, స్టాప్‌వాచీ అంతే. నేను ఆత్రం పట్టలేక ముందే తీసేదాన్ని. ఆయన వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుని మళ్లీ నీళ్లలోకి దించేవారు. మొదట వచ్చిన జవాబును నమ్మవద్దనేవారు. కొన్ని రక్తాలు మొదట అబద్ధం చెప్పి, కాసేపు కూర్చోబెడితే అప్పుడు నిజం చెబుతాయట. ఇదేదో పోలీసు ఠాణా వ్యవహారంలా ఉందే అని నేను లోపల నవ్వుకునేదాన్ని. ఆయన రిటైరై సంత్రాగాఛిలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయిన కొన్నాళ్లకు ఆ మాట నాకు అక్కరకొచ్చింది.

గుర్తుపట్టిన పేరు

ఎనభైల మధ్యలో ఒక వానాకాలం. సర్జరీ వార్డునుంచి ఒకే రోగి రక్తం మళ్లీ మళ్లీ వస్తోంది. రక్తం గడ్డకట్టడాన్ని కొలిచే రెండు పరీక్షల్లో ఒకటి మామూలుగా ఉంది. రెండోది బాగా ఆలస్యమవుతోంది. ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి. కాలేయం బాగానే ఉంది. వార్డులో కుర్ర డాక్టర్లు ప్లాస్మా సంచులు ఎక్కిస్తూనే ఉన్నారు. మళ్లీ రక్తం పంపుతున్నారు, మళ్లీ అదే ఫలితం.

ఫలితం కాగితం మీద రాసి పంపేస్తే మా పని అయిపోయినట్టే. మా ల్యాబ్‌నుంచి వార్డుకు వెళ్లే అలవాటు ఎవరికీ లేదు. నేను వెళ్లింది కూడా గొప్ప శాస్త్ర జిజ్ఞాసతో కాదు. చీటీ మీద పేరు చూసి వెళ్లాను. బెంగాలీ గుమాస్తా చేతిలో పడి అది వంకరలు తిరిగిపోయింది గానీ, చదవగానే పోల్చుకున్నాను. నూకాలమ్మ. ఆ పేరు మా వైపు తప్ప ఇంకెక్కడా ఉండదు.

కార్పొరేషన్‌లో వీధులూడ్చే మనిషి. యాభై దాటాయి. బక్కపలచటి ఒళ్లు. పిత్తాశయంలో రాళ్లుంటే మా సర్జన్ మజుందార్‌దా, అంటే మేమంతా అన్నా అని పిలిచే మజుందార్, ఆపరేషన్ చేశాడు. మా ఆసుపత్రిలో ఆయన్ని మించిన చెయ్యి లేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. అన్నం తింది, లేచి తిరిగింది. తీరా కుట్లు విప్పే సమయానికి గాయంనుంచి నెత్తురు ఊరడం మొదలైంది. లోపల ఎక్కడో కట్టిన ముడి జారిందనుకుని ఆయన మళ్లీ తెరిచాడు. ముడులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తెగిన నాళం ఒక్కటీ కనబడలేదు. చెమట పట్టినట్టు అన్నివైపులనుంచీ నెత్తురు ఊరుతోందట. గాజుగుడ్డలు కుక్కి మూసేశాడు. ఆ తర్వాత ఇంకా ఎక్కువైంది.

నేను వెళ్లేసరికి ఆవిడ మంచం మీద అటూ ఇటూ దొర్లుతోంది. పడుకోలేకపోతోంది, కూర్చోలేకపోతోంది. బీపీ చూడటానికి పట్టీ చుట్టినచోట చెయ్యంతా నేరేడుపండులా కమిలింది. తొడ వాచిపోయింది. తెలుగులో పలకరించగానే నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"తెలుగోల్లేటమ్మా? మరిన్నాల్లూ ఏ మూల దాక్కున్నావు?"

నవ్వు రావలసిన మాటే. నాకు రాలేదు. పక్కన కూర్చుని పాత సంగతులు అడిగాను. ఇంతకుముందు నెత్తురు కారే జబ్బు ఏదైనా ఉందా అని వార్డు డాక్టర్లు బెంగాలీలో అడిగితే లేదని ఒక్కముక్కలో చెప్పేసిందట. నేను వేరేగా అడిగాను. పళ్లు ఊడినప్పుడు ఏమైంది, కాన్పులప్పుడు ఏమైంది, కూరలు తరిగేటప్పుడు వేలు తెగితే ఏం చేసేదానివి అని.

"ముగ్గుర్ని కన్నాను. మంతరసాని సేతిలోనే కన్నాను. సేపలు కోసినప్పుడు ఏలు తెగితే ఉమ్మి రాసుకునేదాన్ని. ఆగిపోయేది. నాకేటవుతాది?"

ఏమీ కాని మనిషికి ఇప్పుడు ఏదో అయింది. పుట్టుకతో వచ్చింది కాదు, కొత్తగా వచ్చింది. అక్కడినుంచి లేచి నేరుగా మజుందార్‌దా దగ్గరికి వెళ్లాను.

కేటిల్ నీళ్లు

మజుందార్‌దా అప్పటికే ఆవిడను మూడోసారి తెరవాలని నిర్ణయించుకున్నాడు. కడుపు ఉబ్బుతోంది, నాడి వేగం పెరుగుతోంది. ఆయన ఆలోచనలో తప్పు లేదు. లోపల కారుతుంటే సర్జన్ అన్నవాడు వెళ్లి ఆపాలి. ఒక పరీక్ష చేస్తాను, అది తేలేదాకా ఆగమన్నాను. థియేటర్ సిద్ధమయ్యేలోపు తేల్చమన్నాడు.

పరీక్ష చెప్పుకోవడానికి తేలిక. నా చేతినుంచి రక్తం తీయించుకుని నా ప్లాస్మాను ఆవిడ ప్లాస్మాతో సగానికి సగం కలిపాను. ఆవిడ రక్తంలో ఏదో తక్కువైతే నాది దాన్ని భర్తీ చేస్తుంది, మామూలుగా గడ్డకడుతుంది. అలా కాక ఆవిడ రక్తంలో ఏదో విరోధి చేరి ఉంటే, అది నా ప్లాస్మాను కూడా పాడుచేస్తుంది.

కలిపిన వెంటనే చూశాను. ఇంచుమించు మామూలుగానే గడ్డకట్టింది.

అంటే ఏదో తక్కువైంది, ప్లాస్మా ఎక్కిస్తూ కోసెయ్యవచ్చు అన్నమాట. మజుందార్‌దా దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఇది జవాబు కాదు, ఇంకా రెండు గంటలు వేడినీళ్లలో ఉంచాలి అన్నాను. తల ఊపాడు గానీ, పైకి వెళ్లి మొదటి జవాబే చెప్పేశాడు. మంచి కబురు మోసుకెళ్లాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది. అతని మీద నాకు కోపం లేదు. కానీ ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెబుతున్నాను, సగం ఉడికిన ఫలితం మీ గది గడప దాటకూడదు. దాటితే దాన్ని వెనక్కి పిలవలేరు.

అరగంట కాకుండానే కరెంటు పోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవడం కాకి అరిచినంత మామూలు. జనరేటరు ఉండేది గానీ, అది థియేటరుకీ ఎమర్జెన్సీకీ మాత్రమే. నీళ్లతొట్టి చల్లబడటం మొదలైంది. చల్లబడితే పరీక్షకు అర్థం ఉండదు. మొదటినుంచి మళ్లీ చేసే వ్యవధి లేదు. గేటు పక్క టీ దుకాణానికి మనిషిని పరుగెత్తించి కేటిల్ నిండా మరిగిన నీళ్లు తెప్పించాను. థర్మామీటరు ఒక చేత్తో, గరిటె ఒక చేత్తో పట్టుకుని కొంచెం కొంచెం పోస్తూ తొట్టిని ఒంటి వేడి దగ్గర నిలబెట్టాం. నేనూ, మా టెక్నీషియనూ వంతులేసుకున్నాం. మధ్యలో సన్యాల్ సార్‌కు ఫోన్ చేద్దామని వరండాలోకి పరుగెత్తాను. ఫోన్ మూగదై ఉంది. అది కూడా మామూలే. మళ్లీ లోపలికి వచ్చాను. కిటికీ బయట ఏదో ఊరేగింపు పోతోంది, నినాదాలు వినిపిస్తున్నాయి. నాకు గొట్టం ఎత్తి చూడాలని చేతులు దురద పెడుతున్నాయి. ఎత్తలేదు.

సమయం అయ్యాక మందు కలిపి, కిటికీ వెలుగులోకి తీసి వంచాను. నీళ్లలా జారింది. మళ్లీ వంచాను. మళ్లీ జారింది. పక్క గొట్టంలో నా ప్లాస్మాను విడిగా అంతసేపూ అదే వేడిలో ఉంచాను. అది చక్కగా గడ్డకట్టింది. అనుమానం తీరక ఇంకోసారి చేశాను. అదే ఫలితం.

ఆవిడ రక్తం నా రక్తాన్ని నిదానంగా తినేస్తోంది. ఆపరేషన్ తర్వాత ఎందుకో ఆవిడ శరీరం, రక్తాన్ని గడ్డకట్టించే తన సొంత పదార్థాన్నే శత్రువనుకుని దాన్ని చంపడం మొదలుపెట్టింది. లక్షల్లో ఒకరికి వస్తుందని పుస్తకంలో చదివాను. అప్పటిదాకా కంటితో చూడలేదు.

మెట్లెక్కి థియేటర్‌కు వెళ్లాను. ఆవిడను అప్పటికే బల్ల మీదికి మార్చారు. ఇంకా మత్తు ఇవ్వలేదు. మజుందార్‌దా చేతులు కడుక్కుని, తడి చేతులు పైకెత్తుకుని నిలబడి ఉన్నాడు.

"కొయ్యవద్దు మజుందార్‌దా," అన్నాను.

"లోపల కారుతోంది సావిత్రీ. చూస్తూ కూర్చోమంటావా?"

కోసిన ప్రతిచోటా కొత్తగా కారుతుందని, ఒకసారి అలాగే జరిగిందని, ఎక్కించే ప్లాస్మాను ఆవిడ ఒళ్లే పాడుచేస్తోందని చెప్పాను. ఆయన పరీక్ష గురించి అడిగాడు. కేటిల్ సంగతి కూడా దాచకుండా చెప్పాను. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"ఈ జబ్బు నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు. చదివానంతే."

"నీ మాట తప్పయితే ఈ మనిషి సాయంత్రానికి ఉండదు."

"నా మాట నిజమై మీరు కోసినా సాయంత్రానికి ఉండదు."

ఆయన అలాగే నిలబడ్డాడు. మోచేతులనుంచి నీళ్లు నేలమీద కారుతున్నాయి. నర్సు గౌను పట్టుకుని ఎదురుచూస్తోంది. తర్వాత ఆయన రెండు చేతులూ కిందికి దించేశాడు. కడిగిన చేతులు దించడమంటే ఇక కత్తి పట్టనని చెప్పడమే.

ఆయన గురించి ఒక మాట రాయాలి. అహంకారి. కిందివాళ్ల మాట వినడం చిన్నతనమనుకునేవాడు. రెండోసారి తెరిచినప్పుడే తెగిన నాళమేదీ దొరకలేదు కదా, అప్పుడే మమ్మల్ని పిలవవలసింది. పిలవలేదు. అది తప్పే. కానీ థియేటర్ నిండా తన మనుషులు చూస్తుండగా, తనకంటే పదిహేనేళ్లు చిన్నదైన ఒక ల్యాబ్ మనిషి మాటకు చేతులు దించడం అందరూ చేసే పని కాదు. ఆ తర్వాత నేను చాలామంది సర్జన్లను చూశాను. అందుకే ఈ మాట అనగలుగుతున్నాను.

మా రగతం

కింద ఇంకో గొడవ కాచుకుని ఉంది. నూకాలమ్మ భర్త అప్పలస్వామి కార్పొరేషన్ చెత్త లారీ మీద పనిచేస్తాడు. పెళ్లానికి నెత్తురు కావాలన్న మాట వినగానే క్వార్టర్లకు వెళ్లి మనుషుల్ని పోగుచేసుకొచ్చాడు. ఆ రోజుల్లో కలకత్తాలో ప్రతి పేటలో, ప్రతి క్లబ్బులో మైకు కట్టి రక్తదాన శిబిరాలు పెట్టేవారు. రక్తమివ్వడమంటే వీళ్లెవరికీ భయం లేదు. పని బట్టలతోనే వచ్చేశారు. బ్లడ్ బ్యాంకు ముందు బారులు తీరి నిలబడ్డారు.

అంతలో పైనుంచి కబురొచ్చింది. ఆపరేషన్ లేదు, ప్లాస్మా ఆపేశారు, ఇద్దరు ముగ్గురి రక్తం చాలు, మిగతావాళ్లు వెళ్లవచ్చు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను మెట్లు దిగేసరికి అప్పలస్వామి నాకోసమే నిలబడి ఉన్నాడు. కేకలు వెయ్యలేదు. పక్కకు రమ్మని, గొంతు తగ్గించి అడిగాడు.

"మా రగతం పనికిరాదేటమ్మా? మేం సెత్త మోసేవోల్లమనా?"

ఆ క్షణం దాకా నాకు తోచనే లేదు, మేం వద్దన్న మాట వాళ్లకు అలా వినిపిస్తుందని.

అతన్ని బెంచీమీద కూర్చోబెట్టాను. ఇందాక పరీక్షలో కలిపింది నా నెత్తురేనని, దాన్ని కూడా నూకాలమ్మ నెత్తురు బతకనివ్వలేదని చెప్పాను. ఎవరిది పోసినా అంతే, రాజుగారిది పోసినా అంతే. మనం పోసేది మంచిదే, తన ఒళ్లే దాన్ని శత్రువనుకుంటోంది. ఆ గుడ్డి కోపం తగ్గడానికి మాత్రలిస్తాం, అవి పనిచేసేదాకా మనం ఆగాలి. అతను నా మోచేతి దగ్గర అంటించిన దూదిని చాలాసేపు చూశాడు.

"ఆగితే బతుకుద్దా?"

"బతకవచ్చు. బతుకుతుందని మాట ఇవ్వలేను."

లేచి వెళ్లి తనవాళ్లకు చెప్పాడు. వాళ్లలో చాలామంది ఎలాగూ వచ్చాం కదా అని రక్తమిచ్చే వెళ్లారు. అది ఇంకెవరికో పనికొచ్చింది.

పిల్లలకు ఇక్కడ ఒక్కమాట. వద్దు అని చెప్పేటప్పుడు ఎందుకు వద్దో కూడా మీరే వెళ్లి చెప్పండి. చప్రాసీ చేత చెప్పించకండి.

ఐసుగడ్డ

ఇప్పుడు ఈ జబ్బుకు ఖరీదైన ఇంజెక్షన్లున్నాయి, నెత్తురును అడ్డదారిన గడ్డకట్టిస్తాయి. అప్పుడు మా దగ్గర ఉన్నవి స్టెరాయిడ్ మాత్రలు, కాన్సర్‌కు వాడే ఒక మాత్ర, గట్టిగా చుట్టే గుడ్డపట్టీలు. రక్తం తగ్గినప్పుడు ఎర్రకణాలు ఎక్కించేవాళ్లం. అంతే.

స్టెరాయిడ్ ఇస్తే గాయం మానదు, చీము పడుతుంది అన్నాడు మజుందార్‌దా. అది నిజమే. ఇవ్వకపోతే నెత్తురు ఆగదు. అదీ నిజమే. ఇచ్చాం. చీము పట్టింది, జ్వరం వచ్చింది. ఆయన రోజూ పొద్దున్నే తన చేత్తోనే కట్టు మార్చేవాడు, ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. తడిపిన గుడ్డను పోగు పోగుగా, పసిపిల్ల కంట్లో నలుసు తీస్తున్నట్టు తీసేవాడు.

నేను రోజుకు ఎన్నిసార్లు ఆ వార్డుకు వెళ్లేదాన్నో నాకే తెలియదు. ఇంటికి వెళ్లాక కూడా అన్నం ముందు కూర్చుని, ఈపాటికి ఎక్కడ కారుతోందో అనుకునేదాన్ని. ఈ జబ్బుతో వచ్చిన చిక్కు అది. రేపు చేతిలో కారవచ్చు, ఎల్లుండి మెదడులో కారవచ్చు. మనం చేయగలిగింది ఏమీ ఉండదు, ఊరికే కూర్చోనూ లేం.

నూకాలమ్మకు కూడా నాలాగే కుదురు లేదు. మా వైపు ఆడవాళ్లకు అడ్డచుట్ట అలవాటు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఎవరిచేతో తెప్పించుకుని, స్నానాలగదిలో చాటుగా కాల్చింది. నాలుక కాలింది, ఉలిక్కిపడి కరుచుకుంది కూడా. మధ్యాహ్నానికి నాలుక కింద నెత్తురు గూడుకట్టి, నోరు మూయలేనంతగా వాచింది. ఊపిరి గురగురమంటోంది. మత్తు డాక్టరు వచ్చి గొంతు దగ్గర కోసి గొట్టం వేస్తానన్నాడు. కోస్తే ఆ నెత్తురు ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మజుందార్‌దా ఈసారి నా మొహం చూడలేదు, తనే అడ్డంగా తల ఊపాడు. వాపు పెరిగి ఊపిరి ఆగేదాకా వస్తేనే కొయ్యాలి, అంతదాకా ఐసు పెట్టి చూద్దామన్నాడు.

ఫ్రిజ్‌లోంచి తెస్తామన్న ఐసు ఎంతసేపటికీ రాలేదు. అప్పలస్వామి చేపల బజారుకు వెళ్లి గోనెలో పెద్ద ఐసుగడ్డ భుజాన మోసుకొచ్చాడు. నీచువాసన కొడుతున్న ఆ గడ్డను బాగా కడిగి, పగలగొట్టి, గుడ్డలో మూటకట్టి నోటికీ దవడకీ పెట్టాం. ఒకరి చేతులు కొంకర్లు పోతే ఇంకొకరు పట్టుకున్నాం. మత్తు డాక్టరు కత్తి సిద్ధం చేసుకుని మంచం పక్కనే కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకు గురక సద్దుమణిగింది. వాపు తగ్గలేదు గానీ, పెరగడం ఆగింది. ఆవిడ కళ్లు తెరిచి, మాట రాక, చేత్తో సైగ చేసింది. నేను వంగి చూశాను. చుట్ట ఉంచిన చోటు ఎవరికీ చెప్పవద్దని ఆ సైగ.

ఆ రోజు మజుందార్‌దా నవ్వగా మొదటిసారి చూశాను.

మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. ఒకరోజు కాస్త బాగుంటుంది, రెండోరోజు మళ్లీ మొదటికొస్తుంది. నేను ఆశపడి, విసిగి, మళ్లీ ఆశపడి ఒంట్లో సగమయ్యాను. దసరా పూజల పందిళ్లు వేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున, వేడినీళ్లలో ఉంచి తీసిన గొట్టం గడ్డకట్టింది. నమ్మలేదు. వరసగా కొన్నాళ్లు చూశాను. గడ్డకడుతూనే ఉంది. గాయం కూడా మెల్లగా పూడింది. మజుందార్‌దా మిగిలిన కుట్లు తీశాడు. ఒక్కో కుట్టు తీసి, గుడ్డ అదిమి, ఎత్తి చూసి, తర్వాతి దానికి వెళ్లాడు. ఎక్కడా ఏమీ కాలేదు. నూకాలమ్మ దీపావళికి ముందే ఇంటికి వెళ్లిపోయింది, ఏడాది తిరక్కుండానే చీపురు పట్టుకుంది.

ఇంకొకాయన

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. చదివినవాళ్లకు ధైర్యం కూడా వచ్చేది. కానీ పని అంటే నిజంగా ఏమిటో చెబుతానని కూర్చున్నాను కదా.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ అదే జబ్బు వచ్చింది. ఈసారి గుంటూరునుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరుగారికి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక కారడం మొదలైంది. ఈసారి ఎవరూ ఆలస్యం చేయలేదు. మజుందార్‌దా శిష్యుడే సర్జన్. మొదటి చుక్క అనుమానానికే రక్తం పంపాడు, తనే ల్యాబ్‌కు దిగి వచ్చాడు. కరెంటు పోలేదు. ఫలితం స్పష్టంగా వచ్చింది. ఎవరూ కత్తి పట్టుకోలేదు. ఆ సాయంత్రానికే మందులు మొదలయ్యాయి. మనిషి కూడా చెప్పినట్టు వినే మనిషి, మంచం దిగలేదు, గడ్డం కూడా గీసుకోలేదు. నూకాలమ్మ విషయంలో తడుముకుంటూ చేసినవన్నీ ఆయన విషయంలో చకచకా, వరసగా చేశాం.

మూడోనాడు ఆయన తలనొప్పి అన్నాడు. మెదడులో కారింది. ఆ సాయంత్రమే పోయాడు.

ఆయన భార్య వరండాలో నన్ను ఆపి, చాలా మర్యాదగా అడిగింది. "అన్నీ సరిగ్గానే చేశారు కదండీ?"

"చేశామండీ," అన్నాను.

ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది. నేను ల్యాబ్‌కు వచ్చి ఆయన పరీక్షల కాగితాలన్నీ ముందేసుకున్నాను. ఎక్కడో ఏదైనా తప్పు ఉందేమోనని అన్నీ మొదటినుంచీ వెతుక్కున్నాను. తప్పు దొరికితే బాగుండునని కూడా అనిపించింది. దొరికితే మరోసారి రాకుండా దిద్దుకోవచ్చు. దొరకలేదు. ఎంత బాగా నేర్చుకున్నా ఈ పనిలో మనశ్శాంతి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు రాలేదు. రిటైరయ్యాక కూడా ఫోన్ మోగితే ముందు వార్డు అనుకుంటాను.

ఆ వారంలోనే నూకాలమ్మ వచ్చింది. జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది కనుక అప్పుడప్పుడూ వచ్చి రక్తం చూపించుకోమన్నాను. చెప్పినట్టే వచ్చేది. ఆ రోజు నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. చెయ్యి చాపమని, సూది గుచ్చి రక్తం తీశాను. ఆవిడ నా మొహంకేసి కాసేపు చూసి, ఉన్నట్టుండి అడిగింది.

"ఆ జబ్బు నాకెందుకొచ్చినాదమ్మా?"

ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. "తెలీదు నూకాలమ్మా," అన్నాను.

"మరెందుకు పోనాది?"

మందులవల్ల కావచ్చు, దానంతటదే పోయి ఉండవచ్చు, ఖాయంగా చెప్పలేనన్నాను.

"మరి నీకేటి తెలుసమ్మా?"

ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బ్యాంకు ఆఫీసరుగారి భార్యకు అంత తేలిగ్గా జవాబు చెప్పినదాన్ని, ఈవిడకు చెప్పడానికి ఆలోచించుకోవలసి వచ్చింది.

"ఆవేళ నిన్ను కొయ్యకూడదని తెలుసు," అన్నాను.

"అదొక్కటేనేటి?"

"అదొక్కటే."

ఆవిడ కూడా ఆలోచించింది. "సాల్లే," అంది.

డ్యూటీకి వేళైపోతోందని గబగబా లేచింది. మోచేతి దగ్గర అదిమిపట్టిన దూది తీసి, తెల్లగా ఉందో లేదో వెలుతురులో తిప్పి చూసుకుని, చెత్తతొట్టిలో పారేసి వెళ్లిపోయింది.